హెలికాప్టర్లు ఉండగా నడకెందుకు?

ప్రశ్న: అర్జెంటీనా ఆక్రమించిన ఫాక్‌లాండ్ దీవుల్ని 1982లో బ్రిటన్ తిరిగి పట్టుకున్నప్పుడు, ఓడ దిగిన సైనికులు రాజధాని వైపు నడిచే వెళ్లారని విన్నాను. అంత పెద్ద దేశానికి హెలికాప్టర్లు లేవా సార్? నెలనెలా అలిపిరి మెట్లెక్కే నాకే ఇది అన్యాయం అనిపించింది.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉన్నాయండీ, దారిలో తగలబడ్డాయి. మీరు అలిపిరిలో బ్యాగు కౌంటర్‌లో ఇచ్చేసి చేతులూపుకుంటూ ఎక్కుతారు, అది బండిలో కొండపైకి వచ్చేస్తుంది. ఆ బండే కాలిపోతే? వాళ్లకు జరిగింది అదే.

అట్లాంటిక్ కన్వేయర్ అనే కంటైనర్ ఓడలో చినూక్ హెలికాప్టర్లు, గుడారాలు వస్తున్నాయి. మే 25న అర్జెంటీనా పైలట్లు వెతికింది విమానవాహక నౌకల కోసం (అందులో ఒకటైన హెర్మిస్‌నే తర్వాత మనం కొని విరాట్ అని పేరు పెట్టుకున్నాం), ఎక్సోసెట్ క్షిపణులు మాత్రం పోయి ఈ సరుకు ఓడకు తగిలాయి. 12 మంది చనిపోయారు, మూడు చినూక్‌లు బూడిదయ్యాయి, ఆ టైమ్‌కి గాల్లో ఉన్న ఒక్కటి బతికిపోయింది. ఒక్క చినూక్‌తో అంతమందిని ఎన్ని ట్రిప్పులు వేస్తారు చెప్పండి, ఫిరంగులూ గుండ్లూ మోయడానికే ఉన్న మిగతా హెలికాప్టర్లు చాల్లేదు.

పోనీ రాజధాని స్టాన్లీ పక్కనే దిగొచ్చుగా అంటారేమో. శత్రువు కాచుకుని కూర్చున్నదే అక్కడ. అందుకే మే 21న ద్వీపానికి ఆ చివర, చుట్టూ కొండలున్న శాన్ కార్లోస్‌లో దిగారు.

ఇక ‘45 కమాండో’ అనే బ్రిటిష్ మెరైన్ దళం నడక: మూడు రోజుల్లో సుమారు 90 కిలోమీటర్లు, వీపున 36 కిలోలకు తక్కువ కాకుండా బరువు. మనకున్నట్టు మెట్లూ రేకుల నీడా అక్కడెక్కడివి, కాలు పెడితే నీళ్లు ఊరే బురద నేల, చీలమండ మెలిపెట్టే గడ్డి దుబ్బులు. పైగా అక్కడ జూన్ అంటే చలికాలం. తడిసిన బూట్లు ఆరే దారి లేదు, రోజుల తరబడి తడిలో నాని పాదాలు తిమ్మిరెక్కి వాచిపోయేవి.

నడక తప్పించుకున్నవాళ్లు సుఖపడ్డారా అంటే అదీ లేదు. జూన్ 8న ఫిట్జ్‌రాయ్ దగ్గర సర్ గలాహాడ్ ఓడలో పట్టపగలు దిగడానికి ఎదురుచూస్తున్నవాళ్ల మీద బాంబులు పడ్డాయి, వెల్ష్ గార్డ్స్ అనే బ్రిటిష్ దళం వాళ్లే 32 మంది పోయారు.

మీ లెక్కలో నడక అయ్యాక దర్శనం. 45 కమాండోకి జూన్ 11 రాత్రి టూ సిస్టర్స్ కొండ మీద చీకట్లో యుద్ధం. స్టాన్లీలో అర్జెంటీనా సేన లొంగిపోయింది జూన్ 14న.