పెరటి కోళ్ళు, కూరగాయల మళ్ళు: తమ్ముని కొడుకుకు రాసిన లేఖ

చిరంజీవికి పెద్దబాపు ఆశీస్సులు.

హైదరాబాద్‌లో ఉద్యోగం మానుకొని, కోడలితో, పిల్లతో పరకాల దగ్గరి మన ఊరికి వచ్చి, ఇంటి వెనక ఉన్న 2 గుంటల జాగలో కోళ్ళు, కూరగాయలు పెంచుకుంటూ బజారు మీద ఆధారపడకుండా బతకాలని ఉన్నదని నువ్వు రాసిన ఉత్తరం అందింది. చాలా సంతోషం కలిగింది. 40 ఏళ్ళుగా అదే పెరటి పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, నేను చేసి నిలబెట్టుకున్నవీ, చేయక పోగొట్టుకున్నవీ రెండూ నీకు చెప్పవలసిన బాధ్యత నాకు ఉన్నది.

మొదటి మాట. అన్నీ ఒక్కసారి మొదలుపెట్టవద్దు, బిడ్డా. ఈ మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, మళ్ళు వేయండి. కోళ్ళ సంగతి చలికాలానికి చూద్దాం. ఈలోగా కోడలిని ఒక నోటుపుస్తకం పెట్టుకొని, నెల రోజులపాటు ఇంటికి అయిన ప్రతి ఖర్చునూ రాయమను. నెల చివర కూర్చొని, పెరడు ఇవ్వగలిగిన వాటి కింద గీత గీయండి. ఆకుకూరలు, కూరగాయలు, గుడ్లు, పచ్చిమిరప, కొత్తిమీర, పసుపు ఆ లెక్కలోకి వస్తాయి. నూనె, ఉప్పు, పప్పులు, పిల్ల చదువు, మందులు రావు. ఎంతవరకు సొంతంగా బతకగలరో ఆ పుస్తకమే చెబుతుంది. అందుకే ఇద్దరిలో ఒకరి జీతమైనా ఏడాదిపాటు, అంటే వానకాలం, చలికాలం, ఎండాకాలం మూడూ ఒకసారి చూసేదాకా, వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

మన జాగ ఎర్ర చల్క నేల. నీరు తొందరగా ఇంకిపోతుంది, బలమూ తక్కువే. రోహిణి కార్తెలోనే బాగా మాగిన పశువుల పెంట తోలించి, జూన్ 8 ప్రాంతంలో మిరుగం ప్రవేశించి మంచి వాన పడ్డాక విత్తనం వేయండి. తోటకూర, పాలకూర, పుంటికూర మొత్తం ఒకేసారి చల్లితే ఒక వారం తినలేనంత వచ్చి, మరుసటి నెల ఏమీ ఉండదు. 15 రోజులకొక మడి చొప్పున చల్లితే ఇంట్లో ఎప్పుడూ ఆకుకూర ఉంటుంది. చిక్కుడు, బీర, ఆనిగెపుకాయ పందిరి మీదికి పాకించండి. వంటింటి నీళ్ళు పారే చోట అరటి, చేమ నాటండి. మడుల గట్ల మీద బంతి తప్పక పెట్టండి. దాని వేళ్ళు నేలలోని నులిపురుగులను తగ్గిస్తాయి, పూలు బతుకమ్మకు అక్కరకు వస్తాయి. మన ఊళ్ళలో ఇప్పుడు కోతుల బెడద నీ చిన్నతనంలో లేనంతగా ఉన్నది కాబట్టి, అవి అంతగా ముట్టని మిరప, పసుపు, కంద బయటి అంచున వేసి, టమాట, జామ, బొప్పాయి ఇంటిని ఆనుకొని వల కింద పెట్టుకోండి.

కోళ్ళ కంటే ముందు గూడు సిద్ధం కావాలి. కోడిపిల్లలను కొని తెచ్చిన తరువాత గూటి కోసం పరుగెత్తిన వాళ్ళ కోళ్ళను పిల్లులూ, ముంగిసలూ తిన్నాయి. నేలకు 2 అడుగుల ఎత్తున, పొడవు తూర్పు పడమరలుగా ఉండేటట్టు కట్టించి, ముంగిస దూరలేని సన్నని జాలీ బిగించి, అడుగున వడ్ల ఊక పరవండి. కోడికి ఒక చదరపు అడుగుకు తక్కువ కాకుండా చోటు ఉండాలి. మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలకు పోతుంది కాబట్టి గూడు చెట్టు నీడన ఉండటం, రోజుకు రెండుమూడుసార్లు చల్లని నీళ్ళు మార్చటం తప్పనిసరి. చీకటి పడేవేళ గూటి తలుపు మూసే ముందు చెయ్యి పెట్టి ఒక్కొక్క కోడి ఒళ్ళు తడుముతూ లెక్కపెట్టటం నాకు ఇప్పటికీ అలవాటు. అప్పుడే ఏ కోడి మేత ముట్టలేదో మెడ కింది మేతసంచి ఖాళీగా ఉండటం వల్ల తెలుస్తుంది, ఏది బరువు తగ్గిందో రొమ్ము ఎముక చేతికి తగలటం వల్ల తెలుస్తుంది.

మొదటి ఏడాది 5 నాటు పెట్టలు, ఒక పుంజు చాలు. నాటు పెట్ట ఏడాదికి 60, 70 గుడ్లు మాత్రమే పెడుతుంది, కానీ పొదుగుతుంది, పిల్లలను గద్ద నుంచి కాపాడుకుంటుంది. గుడ్లు ఎక్కువ కావాలంటే రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ, వనరాజ రకాలు ఉన్నాయి. అవి సాధారణంగా పొదగవు కాబట్టి వాటి గుడ్లను కూడా నాటు పెట్ట కిందే పెట్టాలి. వారం దాటని గుడ్లు 10 లేక 12 పెట్టి, 21 రోజులు ఓపిక పట్టాలి. ఎనిమిదో రోజు రాత్రి దీపం ఆర్పేసి, గుడ్డును పిడికిట పట్టి వెనక టార్చిలైటు వేసి చూడు: లోపల సాలెగూడులా ఎర్రని నరాలు అల్లుకొని, నడుమ నల్లని చుక్క కదులుతుంటే పిల్ల తయారవుతున్నట్టు. ఏమీ లేక తేటగా ఉంటే తీసేయాలి. నీ కూతురికి ఇది తప్పక చూపించు.

ఇక నా మనసులో బరువుగా ఉన్న విషయం రాస్తాను. ఒక ఎండాకాలం, పెరట్లో 43 కోళ్ళు ఉన్నప్పుడు, అంగట్లో చూడముచ్చటగా ఉన్న ఒక పుంజును కొని తెచ్చి ఆ సాయంత్రమే మంద గూట్లో కలిపాను. ఐదో రోజు అది మూలకు చేరి ముడుచుకుంది. తరువాత ఆకుపచ్చని పలుచని రెట్ట, నోరు తెరిచి గాలి పీల్చటం, మెడ వంకర తిరగటం. కొక్కెర తెగులు (రాణిఖెత్ అనే అంటురోగం) అని గుర్తుపట్టేసరికి ఆలస్యమైంది, గుర్తుపట్టినా దానికి మందు లేదు. పది రోజుల్లో 4 మిగిలాయి. మీ పెద్దమ్మ పొదుగులో ఉన్న పెట్టను గంపతో సహా తీసుకుపోయి పూడ్చి వచ్చి, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. టీకాకు అయ్యే ఖర్చు అప్పుడు నాకు దండగ అనిపించింది. ఆ తప్పు నాదే.

కాబట్టి ఈ తెగులు రాకుండా, పిల్ల పుట్టిన ఏడో రోజున లసోటా అనే టీకా చుక్క కంట్లో, 28వ రోజున మరొకసారి, 8 వారాలు నిండాక ఆర్‌టూబీ అనే టీకా సూది తప్పించవద్దు. టీకా సీసాలో వంద లేక అంతకంటే ఎక్కువ కోళ్ళకు సరిపోయే మందు ఉంటుంది, కలిపిన తరువాత గంటా రెండు గంటల్లో వాడేయాలి. అందుకని వాడలో పది ఇళ్ళవాళ్ళను కూడగట్టుకొని, థర్మాస్‌లో ఐసు వేసి తెప్పించి, ఒకే ఉదయం అందరి కోళ్ళకూ వేయించు. పక్కింటి కోళ్ళకు వేయకపోతే నీ కోళ్ళకు కూడా ప్రమాదమే. బయటి నుంచి తెచ్చిన ఏ కోడినైనా 15 రోజులు వేరే చోట ఉంచాలి. సందేహం వస్తే వరంగల్ దగ్గరి మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి, అడగటానికి మొహమాటపడవద్దు.

మేతకు నూకలు, తవుడు, మక్కలు, మిగిలిన ఆకుకూర సరిపోతాయి. కుండలో తడి పేడ, చిత్తడి గడ్డి నింపి సాయంత్రం చెదలున్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి. కోడిపిల్లలకు అంతకు మించిన బలం లేదు. గుడ్డు పెంకులను ఎండబెట్టి దంచి పెట్టండి. కోళ్ళు మొలకలను నిమిషంలో గీరి పారేస్తాయి కాబట్టి మళ్ళ చుట్టూ తడక కట్టాలి. పంట అయిపోయిన మడిలోకి మాత్రం వాటిని వదిలితే పురుగునంతా ఏరుకుంటాయి. కోడిపెంట వేడి చేస్తుంది, పచ్చిగా వేస్తే మొక్క మాడిపోతుంది. ఎండుటాకులతో కలిపి 3 నెలలు గుంతలో మాగనివ్వండి.

అమ్మకం గురించి ఇప్పుడే ఆలోచించవద్దు. రెండేళ్ళకొకసారి మేడారం జాతర వచ్చినప్పుడు నాటుకోళ్ళకు గిరాకీ ఉంటుంది. అప్పటికి ఇంటి అవసరం తీరి నాలుగు పుంజులు మిగిలితే అమ్ముకోవచ్చు.

మిరుగానికి వారం ముందే రా. బూడిదలో కలిపి దాచిన చిక్కుడు, ఆనిగెపు, బీర విత్తనాలు మూటలు కట్టి ఉంచాను. గూడు కట్టటం పూర్తయిన రోజున కబురు పెట్టు, మన నల్ల పెట్టను పొదుగుకు వచ్చిన వేళ చూసి గంపతో, గుడ్లతో నేనే తెచ్చి ఇస్తాను.

మీ పెద్దబాపు