‘రాజమహేంద్రవరం’లో ‘వజ్రం’ ఉన్నదా?

సందేహం: సెలవుల్లో పిల్లలను కూర్చోబెట్టి, ‘రాజమహేంద్రవరం’ అన్న పేరులోని అక్షరాలతో చిన్న చిన్న పదాలు రాయమన్నాను. వరం, రామ, జమ అన్నవాటికి ఎవరూ అడ్డు చెప్పలేదు. పెద్దమ్మాయి ‘వజ్రం’ అనీ, చిన్నవాడు ‘హేమ’, ‘రాజు’ అనీ రాసేసరికి పేచీ మొదలైంది. ప్రాసలో హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా ఫరవాలేదు కనుక ‘జ’ను ‘జు’ చేసుకోవచ్చునని వాడి వాదన. ‘మహేంద్ర’లో ‘ఇంద్ర’ ఉండనే ఉన్నది కదా అని మావారు అంటున్నారు. వీటిలో ఏవి చెల్లుతాయి? (ఒక పాఠకురాలు)

సమాధానం: పేచీ అంతా అక్షరమంటే ఏమిటన్న దగ్గరే ఉన్నది. తెలుగువారు అక్షరమన్నప్పుడు సాధారణంగా గుణింతమూ, ఒత్తూ, సున్నా తగిలించుకొని ఒక్కటిగా పలికేదాన్నే ఉద్దేశిస్తారు. ఆ లెక్కన ఈ పేరులో రా, జ, మ, హేం, ద్ర, వ, రం అని 7 అక్షరాలున్నాయి. పత్రికల్లో వచ్చే గళ్ళ నుడికట్టులోనూ ‘ద్ర’కు ఒక గడి, ‘రం’కు ఒక గడి ఇస్తారే గాని, క్రావడికి (‘ర’ ఒత్తుకు) ఒకటి, సున్నకు ఒకటి గీయరు. వ్యాకరణ దృష్టితో హల్లులు, అచ్చులు, సున్నలుగా విడదీస్తే ఇదే పేరులో 17 వర్ణాలు తేలతాయి. కంప్యూటర్లు అక్షరాలను దాచుకొనే పద్ధతి అయిన యూనికోడ్‌లో దీనికి 13 సంకేతాలు పడతాయి. అక్కడ తలకట్టుకు వేరే సంకేతం లేదు గాని, ‘ద్ర’లోని పొల్లుకు ఉన్నది. యంత్రం తన సౌకర్యానికి పెట్టుకొన్న ఈ మూడో లెక్కను ఆటకు ప్రమాణంగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

మీ అమ్మాయి రాసిన ‘వజ్రం’ వర్ణాల లెక్కన నిలుస్తుంది, అక్షరాల లెక్కన నిలవదు. ‘జ్ర’ అన్న అక్షరం ఆ పేరులో ఎక్కడా లేదు. ‘జ’కు ‘ద్ర’లోని క్రావడిని ఊడదీసి తగిలించి, ‘రం’లోని సున్నను తెచ్చి పక్కన పెడితే గాని ఆ పదం తయారు కాదు. అంతవరకూ ఒప్పుకొంటే హారం, దారం, దేహం, చివరకు మందారం కూడా రాజమహేంద్రవరంలో పూస్తుంది. అలా ఆడడం తప్పని అనను, కాని ఆ సంగతి ఆట మొదలు కాకముందే చెప్పుకోవాలి. చెప్పుకోనప్పుడు అక్షరమే కొలమానం.

ఇది నేను కొత్తగా పెడుతున్న నియమం కాదు. బాణుడు తన సంస్కృత గద్యకావ్యం కాదంబరిలో శూద్రక మహారాజు ప్రొద్దుపుచ్చుకొనే వినోదాలను చెబుతూ, అక్షరచ్యుతకాన్ని, మాత్రాచ్యుతకాన్ని వేర్వేరుగా పేర్కొన్నాడు. సున్న ఒక్కదాన్నే తొలగించే బిందుచ్యుతకం మరొకటి ఉన్నది. ‘కమలం’లో ‘మ’ తీస్తే ‘కలం’ మిగలడం అక్షరచ్యుతకం. ‘కాలం’లో దీర్ఘం తీస్తే అదే ‘కలం’ రావడం మాత్రాచ్యుతకం. ఆ ‘కలం’లో సున్న కూడా తీసేసి ‘కల’ చేస్తే బిందుచ్యుతకం. ఫలితం ఒకటే అయినా తీసినది వేరు కనుక పేరు కూడా వేరు. మీ చిన్నవాడి ‘హేమ’ ఈ మూడో రకానికి చెందుతుంది. ‘హేం’లో సున్న పోతే గాని ‘హే’ దొరకదు. అక్షరాల ఆటలో అది చెల్లదు.

ఇక ప్రాస మాట. ప్రాసస్థానంలో అచ్చు మారవచ్చుననడం నిజమే గాని, దాన్నిబట్టి ‘రాజు’ను రాబట్టలేము. ప్రాస నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరపు హల్లును సరిపోల్చుతుంది, అంతే. ఉన్న అక్షరానికి కొత్త కొమ్ము తగిలించే అధికారం ఇవ్వదు. పైగా ఒక పాదంలో ‘ద్ర’ పడితే తక్కిన పాదాల్లోనూ ‘ద’కు క్రావడి ఉండవలసిందే, దాని ముందు సున్న ఉంటే ఆ సున్న కూడా రావలసిందే. అబ్బాయి తెచ్చిన సాక్ష్యం వాళ్ళ అక్క ‘వజ్రం’ మీదికే తిరిగింది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. పదాన్ని ఎలా రాసి ఇస్తారో ముందే తేల్చుకోండి. ‘రాజమహేంద్రవరం’ అని రాస్తే సున్న ‘ర’ను అంటిపెట్టుకొని ఉండడం వల్ల ‘జవం’, ‘రావం’ రావు. ‘రాజమహేంద్రవరము’ అని రాస్తే ‘ము’ విడిగా దొరుకుతుంది కనుక జవము, రావము, వరము, రాము అన్నీ నిక్షేపంగా వస్తాయి. అక్షరాలు కూడా 8 అవుతాయి. అదే వాడుకలో ఉన్న ‘రాజమండ్రి’ని ఇచ్చారంటే పిల్లలకు మిగిలేవి నాలుగే, ఆట వెంటనే ముగిసిపోతుంది.

మీవారి ‘ఇంద్ర’ది వేరే దారి. మహా, ఇంద్ర అన్న రెండు పదాలు కలిసి, ఆకారానికి ఇకారం పరమై గుణసంధి వల్ల ‘ఏ’ వచ్చి ‘మహేంద్ర’ అయింది. కనుక పదాన్ని విడదీసి అర్థం చెప్పమంటే ‘ఇంద్ర’ తప్పకుండా ఉన్నాడు. కాని పేరులో ఉన్నది ‘హేం’ అన్న అక్షరం, ‘ఇం’ అన్నది లేదు. ఆ ఇకారం సంధిలో కరిగిపోయింది, వర్ణాలుగా విడదీసినా దొరకదు. ‘రామ’ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు: ‘రా’, ‘మ’ రెండూ ఉన్నాయి కనుక ఆటలో చెల్లుతుంది, ఆ ఊరి పేరు అర్థంలో మాత్రం రాముడికి చోటు లేదు. మీవారికి మార్కులు వెయ్యాలంటే పిల్లల ఆటలో కాక, సంధులు విడదీసే పరీక్షలో వెయ్యండి.