తోట తాకట్టు పెట్టి క్లైమేట్ డిగ్రీయా?

ప్రశ్న: మాది కవిటి దగ్గర ఊరు. అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఇంజినీరింగ్ వద్దంటోంది. వాతావరణ మార్పు వల్ల ధనిక, పేద దేశాల మధ్య ఆదాయాల తేడా పెరుగుతోందని ఏదో వీడియో చూసింది, అదే చదువుతానంటోంది. విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు విదేశంలో క్లైమేట్ డిగ్రీ ఉందన్నారు. 40 లక్షలు అవుతుందట. తోట తాకట్టు పెడితే లోన్ ఇప్పిస్తామన్నారు. దీనికి ఉద్యోగాలున్నాయా? సీఎస్ఈ మంచిదా, ఇది మంచిదా?
- ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: 'ఉద్యోగాలున్నాయా' అన్న ప్రశ్న నాకు వారానికి నాలుగైదు సార్లు వస్తుంది. కోర్సు పేరు మారుతుంది, అంతే. మీ భయం మాత్రం వేరే అనిపిస్తోంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ పాపకు పదేళ్లుంటాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఏమైపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ నేలను నమ్ముకుని నా పిల్ల బతకకూడదని ఆ రోజే అనుకుని ఉంటారు. తప్పేం లేదు.

కానీ అప్పుడు నాటిన కొబ్బరి ఇప్పుడిప్పుడే కాపుకొచ్చి ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి తాకట్టు పెడతారా? రేపు ఇంకో తుపాను వస్తే తోట పోతుంది, అప్పు ఉంటుంది. మీ అమ్మాయి చదువుతానంటున్నది సరిగ్గా దీని గురించే కదండీ! కన్సల్టెన్సీ మాటకిచ్చిన విలువ ఆమె మాటకు ఇచ్చారా? చాలా విదేశీ యూనివర్సిటీలు సీటుకింత అని కన్సల్టెన్సీలకు కమీషన్ ఇస్తాయి. అది తెలుసుకున్నాకే లోన్ మాట ఎత్తండి.

ఆమె చెబుతున్నది గాలి కబురు కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు డిఫెన్‌బా, బర్క్ 2019లో ఒక లెక్క వేశారు. 1961 నుంచి 2010 వరకు భూమి వేడెక్కడం వల్ల మన దేశ తలసరి ఆదాయం, ఆ వేడి లేకపోతే ఉండాల్సిన దానికంటే సుమారు 30 శాతం తగ్గిందని, నార్వేది మూడో వంతు దాకా పెరిగిందని వాళ్ల అంచనా. దీని వెనక ఉన్నది మన ఊళ్లో ఎవరికైనా అర్థమయ్యే సంగతే. ఏడాది సగటు ఉష్ణోగ్రత 13 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పని, పంట బాగా సాగుతాయట. చలి దేశం కాస్త వేడెక్కితే ఆ అంకెకు దగ్గరవుతుంది. మనం ఎప్పుడో దాటిపోయాం, ఇంకా దూరం జరుగుతున్నాం. అలాగని ధనిక దేశాల్లో అందరూ బాగుపడతారనీ కాదు. అమెరికాలో కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వారీగా 2017లో వేసిన లెక్కలో ఎక్కువ నష్టం పేద కౌంటీలకే, అందులోనూ దక్షిణాదివాటికి. మన దగ్గర మాత్రం? తుపాను తర్వాత నెలజీతం ఉన్నవాడు ఇంటి పైకప్పు వేయించుకుంటాడు. కూలికెళ్లేవాడు చెన్నై రైలెక్కుతాడు.

అయితే ఆ 30 శాతం ఎవరూ త్రాసులో తూచింది కాదు. జరగని ప్రపంచంతో జరిగిన ప్రపంచాన్ని పోల్చిన అంచనా. దాని మీద ఆర్థికవేత్తల్లోనే వాదనలున్నాయి. అంకె చూసి కోపం తెచ్చుకోవడం వీడియో చూసే ఎవరైనా చేస్తారు. ఆ అంకె ఎలా వచ్చిందో విప్పి చూడాలంటే ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, కొంచెం కోడింగ్ రావాలి. కాబట్టి ఎంపీసీ లెక్కలు వృథా అనుకోకండి.

క్లైమేట్ పాలసీ, సస్టైనబిలిటీ, ఈఎస్‌జీ (కంపెనీలు పర్యావరణం, సమాజం, పాలన విషయాల్లో ఎలా నడుచుకుంటున్నాయో చూసేది) అని పేరున్న డిగ్రీల మీద నాకు అనుమానమే, దాచను. అన్నీ తలా పిడికెడు చెబుతారు. అలాంటి డిగ్రీతో తిరిగొచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు నా దగ్గరకొచ్చారు. తెలివైనవాళ్లే. 'నీకు ఏ పని చేతనవుతుందమ్మా' అంటే తడుముకున్నారు. కంపెనీలో ఖర్చు తగ్గించాలన్నప్పుడు ముందు కత్తిరించేది ఇలాంటి విభాగాన్నేనని వాళ్లే చెప్పారు. పీజీలోనో ఆ తర్వాతో ఆ విషయం మీదకు వెళ్లొచ్చు. పునాది మాత్రం గట్టి సబ్జెక్టులో ఉండాలి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఎకనామిక్స్ ఎం.ఏ. ఉంది. లెక్కల్లో బాగా గట్టిదైతే కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో బీ.స్టాట్, అంటే స్టాటిస్టిక్స్ డిగ్రీ. రెండూ రాకపోతే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఎకనామిక్స్ మేజర్‌గా డిగ్రీ, కుదిరితే దాంతోపాటు స్టాటిస్టిక్స్. తర్వాత మంచి చోట పీజీ. అప్పుడు యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయొచ్చు. పరిశోధన సంస్థలు, బ్యాంకులు, బీమా కంపెనీలూ ఉన్నాయి. వీటిలో దేనికీ తోట తాకట్టు అక్కర్లేదు.

సీఎస్ఈతో పోల్చమన్నారు. మొదటి జీతం అక్కడే ఎక్కువ రావచ్చు. ఇష్టం లేని పిల్ల బ్యాక్‌లాగ్‌లతో నాలుగేళ్లు ఈదుతుంటే ఆ జీతం ఊసే ఉండదు, మీకూ టెన్షన్. లెక్కలు వచ్చిన పిల్ల ఎకనామిక్స్ చదివి రోడ్డున పడిపోతుందన్న బెంగ పెట్టుకోకండి.

ఒక పని చేయండి. సంక్రాంతి సెలవుల్లో తోట లెక్కల పుస్తకం ఆమె చేతికివ్వండి. తిత్లీకి ముందు ఏడాదికి ఎంత వచ్చేది, తర్వాత ఎంత, ఎవరి దగ్గర అప్పు చేశారు, ఎన్నాళ్లకు తీరింది, అంతా రాయమనండి. ఊళ్లో ఇంకో 20 ఇళ్లకు వెళ్లి ఇవే అడగమనండి, కూలీల ఇళ్లు కూడా కలిపి. విసుక్కోకుండా పూర్తిచేస్తే హైదరాబాద్ దరఖాస్తు నింపండి. మూడో ఇంటికే మానేస్తే నాకు మళ్లీ రాయండి, అప్పుడు సీఎస్ఈ సంగతి చూద్దాం.