రేగు అంటే ఏ రేగు? గింజ పోసే ముందు ఆకు తిప్పి చూడండి

సందేహం: మాది కనిగిరి దగ్గర మెట్ట పొలం. గట్ల మీదా, ఊరి పక్క బోడు మీదా రేగు చెట్లు చాలా ఉన్నాయి. ఒకరు గంగరేగు అంటారు, ఒకరు నేలరేగు అంటారు, మేకల కాపర్లు పరికిని, గొట్టిని కూడా రేగులోనే కలిపేస్తారు. వీటి గింజలు పోసి మంచి రకం అంటు కట్టుకోవచ్చా? గట్టు మీద ముదిరిన చెట్లకే కట్టవచ్చా?

సలహా: కట్టవచ్చు. అయితే అన్నిటికీ కాదు. మీ ఊళ్లో రేగు అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు జాతులు ఉన్నాయి. అన్నీ ఒకే కుటుంబానివి, అన్నిటికీ ముళ్లుంటాయి, అందుకే పేర్లు కలిసిపోయాయి.

ముందు ఆకు కోసి తిప్పి చూడండి. పైన నున్నగా పచ్చగా ఉండి, అడుగున తెల్లటి నూగు పరిచినట్టుంటే అది అసలు రేగు. తొడిమ దగ్గర నుంచే మూడు ఈనెలు బయల్దేరతాయి. ముళ్లు జంటగా ఉంటాయి, ఒకటి నిటారుగా, రెండోది కొక్కెంలా. భోగిపళ్లకు వాడేది ఇదే. గంగరేగు వేరే జాతి అనుకుంటారు గానీ కాదు, ఇదే జాతిలో పెద్ద కాయ కాసేదాన్ని అలా పిలుస్తాం.

ఆకు బొటనవేలి గోరంత ఉండి, రెండు వైపులా నూగు కనిపించి, మొక్క నిలువెత్తు దాటని పొదగా ఉంటే అది నేలరేగు. కాయ బఠాణీ గింజంత. దీని మీద అంటు కడితే చెట్టు పొట్టిగా ఉండిపోతుంది, తోటకు నేను చెప్పను. అలాగని పెళ్లగించి పారేయకండి, ఎండాకాలంలో మేకలకూ గొర్రెలకూ ఈ ఆకు మంచి మేత.

పరికి చెట్టుగా నిలబడదు, పక్క చెట్ల మీదికి పాకుతుంది. ఆకు మొదలు ఒకవైపు దిగి వంకరగా ఉంటుంది, పండు నల్లగా నిగనిగలాడుతుంది. గొట్టి కాయ గుండ్రంగా, ఎండితే చెక్కలా గట్టిగా ఉంటుంది. ఈ రెండింటి గింజా మీకు వద్దు.

గింజలు అసలు రేగువే తీసుకోండి. బాగా పండిన పళ్ల గుజ్జు కడిగేసి, లీటరు నీటిలో 170 నుంచి 180 గ్రాముల ఉప్పు కలిపి టెంకలు వేయండి. తేలినవి తాలు, తీసేయండి. మునిగినవాటిని మంచినీళ్లతో కడిగి, మార్చి లేదా ఏప్రిల్ నెలలో పోయండి. టెంకతోనే వేస్తే మొలకకు 3 నుంచి 4 వారాలు పడుతుంది. పప్పు నలగకుండా టెంక పగలగొట్టి వేస్తే వారం పది రోజుల్లో వస్తుంది. గంగరేగు గింజ వేస్తే గంగరేగే వస్తుందని ఆశపడకండి. పరపరాగ సంపర్కం వల్ల, అంటే వేరే చెట్టు పుప్పొడితో కాయ కట్టడం వల్ల, గింజ మొక్క తల్లిని పోలదు, అంటు తప్పనిసరి.

రేగుకు తల్లివేరు లోతుగా దిగుతుంది. నేల మీద పెంచి పీకి నాటితే ఆ వేరు తెగి మొక్క చస్తుంది. పొడవాటి పాలిథీన్ సంచుల్లో పెంచండి. ఇంకా మేలైన పద్ధతి, 6 మీటర్ల ఎడంతో 2 అడుగుల గుంతలు తీసి, గుంతకు 2, 3 గింజలు పోసి, బలమైన మొక్కను ఉంచి అక్కడే అంటు కట్టడం. ఎకరాకు సుమారు 110 చెట్లు పడతాయి. మూడు నెలలకు కాండం పెన్సిల్ లావు అవుతుంది, అప్పుడు కన్ను అంటు కట్టండి, అంటే మంచి రకం కొమ్మ నుంచి తీసిన కన్నును (మొగ్గను) బెరడు లేపి దాని కింద పెట్టి కట్టండి.

గట్టు మీది అసలు రేగు చెట్లను ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాలినప్పుడు నేల నుంచి 2, 3 అడుగుల ఎత్తులో ఏటవాలుగా కోసి, కోతకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. చిగుళ్లలో బలమైనవి 3, 4 ఉంచి, జూన్ నుంచి ఆగస్టు లోపు అంటు కట్టండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వానలేక చెట్టు వాడి ఉన్నప్పుడు బెరడు లేవదు, బలవంతంగా లేపితే చిరుగుతుంది, కన్ను ఎండిపోతుంది. గోటితో తోస్తే బెరడు సులువుగా విడివడే రోజు చూసి కట్టండి. వాన లేకపోతే వారం ముందు నీళ్లు పెట్టండి. కన్ను పచ్చగా ఉంటే 15 నుంచి 20 రోజులకు కట్టు విప్పి, కన్నుకు పైన ఉన్న కొమ్మ కోసేయండి.

“అంటు చెట్టు నాటు రేగుగా మారిపోయింది” అని రైతులు తరచు అంటారు. చెట్టు మారదు. అంటు కింద నుంచి వచ్చిన నాటు చిగురును వదిలేస్తే అది పైకెగబాకి అంటు కొమ్మను చంపేస్తుంది. మొదటి రెండేళ్లు పదిహేను రోజులకోసారి అంటు కింది చిగుళ్లు గిల్లేయండి.

కన్నులకు ఒకే రకం కాకుండా గోలా, కైతలి, ఉమ్రాన్‌లలో కనీసం రెండు తీసుకోండి. చాలా రకాలకు తమ పుప్పొడితో తమకు కాయ సరిగా నిలవదు. గోలా ముందు, కైతలి మధ్యలో, ఉమ్రాన్ ఆలస్యంగా కోతకొస్తాయి కాబట్టి కాయంతా ఒకేసారి బజారుకు తేవాల్సిన ఇబ్బందీ ఉండదు.