నైలు గొడవను మూడు వైపుల నుంచి చదవాలంటే

చి॥ అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నైలు ఉపనది బ్లూ నైల్ మీద ఇథియోపియా కట్టిన ఆనకట్ట (గ్రాండ్ ఇథియోపియన్ రినైసెన్స్ డ్యామ్) గొడవలో న్యాయం ఎవరిదని అడిగావు. నది ఎగువన ఇథియోపియా, మధ్యలో సూడాన్, దిగువన ఈజిప్టు ఉన్నాయి. ఆ ప్రశ్నను ఒక వారం పక్కన పెట్టమ్మా. ముందు ఆ మూడు దేశాల వాదనలూ రాయి. ఎలా రాయాలంటే, ఆ దేశం వాడు చదివి "అవును, మా మాట ఇదే" అనాలి. తీర్పు సంగతి తర్వాత.

నోటుబుక్కులో ఈజిప్టుకు, సూడాన్‌కు, ఇథియోపియాకు తలా రెండు పేజీలు వదులు. మొదట పేర్లు రాసుకో. మనం బ్లూ నైల్ అనే నదిని ఇథియోపియాలో అబ్బాయ్ అంటారు, సూడాన్‌లో అల్-బహర్ అల్-అజ్రక్ అంటారు. వార్తలు వెతికేటప్పుడు ఇంగ్లీషు పేరుతోనే వెతికితే లండన్, న్యూయార్క్ రాసినవే ముందు వస్తాయి. ఆనకట్ట పేరును అనువాద యాప్‌లో అరబ్బీలోకి, ఇథియోపియా భాష అమ్హారిక్‌లోకి మార్చి వెతుకు. వచ్చినదాన్ని మళ్ళీ యాప్‌తోనే చదువుకో. యాప్ అంకెలను, కాదనే మాటలను తారుమారు చేస్తుంటుంది కాబట్టి ఆ రెంటినీ మూలంతో సరిచూసుకో. ఈజిప్టులో అల్ అహ్రామ్, ఇథియోపియాలో ఇథియోపియన్ న్యూస్ ఏజెన్సీ రెండూ ప్రభుత్వానివే. ప్రభుత్వం మాట తెలుసుకోవడానికి అవి చాలు, అక్కడి రైతు మాటకు చాలవు.

తర్వాత తేదీలు. ఎవరు కథను ఎక్కడ మొదలుపెడుతున్నారో చూడు, సగం గొడవ అందులోనే ఉంటుంది. ఈజిప్టు 1929, 1959 నైలు నీటి ఒప్పందాల దగ్గర మొదలుపెడుతుంది. 1959లో ఈజిప్టులోని అస్వాన్ దగ్గరికి ఏటా వచ్చే 84 బీసీఎంలలో (బీసీఎం అంటే వంద కోట్ల ఘనపు మీటర్లు) ఈజిప్టుకు 55.5, సూడాన్‌కు 18.5 పంచుకుని, మిగతా 10 ఆవిరి కింద తీసేశారు. ఇథియోపియా వాటా సున్నా. ఆ నీళ్లలో దాదాపు 85 శాతం ఇథియోపియా కొండల నుంచే వస్తాయి. "మమ్మల్ని పిలవని పంపకానికి మేమెందుకు కట్టుబడాలి" అనేది వాళ్ల మొదటి వాక్యం. దానికి ఈజిప్టు 1902లో ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందం చూపిస్తుంది. నది ప్రవాహాన్ని ఆపే కట్టడాలు కట్టనని ఆయన అందులో ఒప్పుకున్నాడు. ఆపకూడదంటే వాడుకోకూడదని కాదు కదా అని ఇథియోపియా జవాబు. ఇలా ఇద్దరూ రెండు రకాలుగా చదివే ఒక్క మాట దొరికితే దాని కింద గీత గీసుకో.

ఇక అంకెలు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక బీసీఎం మన లెక్కలో సుమారు 35.3 టీఎంసీలు. అంటే ఈజిప్టు వాటా దాదాపు 1,960 టీఎంసీలు. ఇథియోపియా జలాశయం పట్టేది 74 బీసీఎంలు, దాదాపు 2,610 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో మూడు రాష్ట్రాలకు కలిపి పంచింది 2,130 టీఎంసీలే, అంటే ఆ ఒక్క చెరువులో మన కృష్ణ ఏడాది పంపకం మొత్తం పట్టి ఇంకా చోటు మిగులుతుంది. అది చూసి "ఈజిప్టుకు ఏటా 74 బీసీఎంలు పోతున్నాయి" అని రాసేస్తారు. తప్పు. నిల్వ వేరు, ప్రవాహం వేరు. అది కరెంటు కోసం కట్టిన ఆనకట్ట, 5,150 మెగావాట్లు. టర్బైన్లు తిరగాలంటే నీళ్లు కిందికి వదలాల్సిందే. దిగువకు తగ్గేది 2020 వానాకాలం నుంచి దాన్ని నింపిన ఏళ్లలో ఆగిన నీరు, ఆపైన ఏటా అయ్యే ఆవిరి. ఈజిప్టు అసలు భయం వేరే ఉంది: వరసగా నాలుగైదేళ్లు కరువొస్తే ఎంత వదులుతారో కాగితం మీద లేదు. వాన దాదాపు లేని దేశంలో పది కోట్లకు పైగా జనం ఆ ఒక్క నది మీద బతుకుతున్నారు. ఆ భయాన్ని వాళ్ల పేజీలో పూర్తిగా రాయి, తేలిగ్గా తీసేయకు.

సూడాన్ పేజీని అందరూ ఖాళీగా వదిలేస్తారు. దయచేసి నువ్వు వదలొద్దు. ఎగువన ఆనకట్ట ఉంటే వాళ్లకు వరదలు తగ్గుతాయి, వాళ్ల రోసైరెస్ జలాశయంలో పూడిక తగ్గుతుంది, ఏడాది పొడుగునా నీళ్లు వస్తాయి. అదే రోసైరెస్ కొత్త ఆనకట్టకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఎప్పుడు ఎంత వదులుతున్నారో ముందే చెప్పకపోతే ముప్పు వాళ్లకే. ఒకే దేశానికి లాభమూ ముప్పూ రెండూ ఉండటం వల్లే అది ఒకసారి ఇటు, ఒకసారి అటు మాట్లాడింది.

చట్టం సంగతి తేలిగ్గానే పట్టుకోవచ్చు. 1997 ఐక్యరాజ్యసమితి జలమార్గాల ఒప్పందంలో 5వ అధికరణం న్యాయమైన వాడకం అంటుంది, 7వది పక్కవాడికి గట్టి నష్టం చేయొద్దంటుంది. ఎగువ దేశం 5ను, దిగువ దేశం 7ను చేతపట్టుకుంటుంది. దాన్ని ఓటుకు పెట్టిన రోజు ఈజిప్టు, ఇథియోపియా రెండూ ఓటు వేయకుండా తటస్థంగా ఉన్నాయి. మన దేశం కూడా అంతే.

పేజీలు నిండాక అసలు పరీక్ష పెట్టుకో. అన్ని పేజీల్లోనూ దేశాల పేర్లు కొట్టేసి ఎగువ, దిగువ అని మాత్రం ఉంచి చదువు. బ్రహ్మపుత్ర మీద చైనా కడుతున్నప్పుడు మనం ఈజిప్టు మాటలు మాట్లాడుతున్నామని, ఫరక్కా దగ్గర బంగ్లాదేశ్ మనతో అవే మాటలు అంటోందని నీకే కనబడుతుంది. కృష్ణ మీది ఆలమట్టి ఆనకట్ట ఎత్తు గురించి కర్ణాటకలోని విజయపుర రైతు, మన డెల్టా రైతు చెప్పేవి కూడా పక్కపక్కన పెట్టు. మనవాళ్ల మీద ప్రేమ ఉండాలి, కానీ విజయపుర పేజీ రాసేటప్పుడు కలం వాళ్లదై ఉండాలి.

మొదటి ప్రయత్నంలో ఒక పేజీ బలంగా, ఒకటి బలహీనంగా వస్తుంది. బలహీనంగా వచ్చిన దేశం గురించి మరో మూడు వ్యాసాలు చదివి ఆ పేజీ తిరగరాయి. మనకు నచ్చని దేశం "మొండితనం" చూపిందని, మనకిష్టమైన దేశం "నిలకడ" చూపిందని రాశావేమో చూసుకుని, రెండు చోట్లా ఒకే మాట వాడు.

సూడాన్ పేజీ ముందు రాసి పంపు. దాని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టినా చాలు, ఎర్ర ఇంకుతో దిద్ది తిప్పి పంపుతాను.

ఇట్లు
పెదనాన్న