వారానికో డి విటమిన్ ప్యాకెట్ వేసుకుంటే దగ్గు రాదా?

ప్రశ్న: నా వయసు 44. మిర్యాలగూడలో రైస్ మిల్లులో హమాలీ పని చేస్తాను. వానాకాలం వడ్లు రావడం మొదలైతే సంక్రాంతి దాకా సర్ది, దగ్గు వదలవు. మెడికల్ షాపులో అడిగితే ఇమ్యూనిటీ పెరుగుతుందని రోజూ చప్పరించే సి విటమిన్ బిళ్లలు, వారానికోసారి పాలల్లో కలుపుకునే డి విటమిన్ పొడి ఇచ్చారు. నాలుగు నెలలైనా తేడా లేదు. ఇంకా వాడాలా? మా నాలుగేళ్ల బాబుకూ ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ పొడి ఆపండి. ప్యాకెట్ మీద 60,000 ఐ.యు. (విటమిన్ మోతాదును కొలిచే యూనిట్లు) అని ఉంటుంది, చూడండి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 600 ఐ.యు. లోపం ఉందని రక్తపరీక్షలో తేలితే వారానికొకటి చొప్పున సాధారణంగా ఎనిమిది వారాలు రాసి, తర్వాత తగ్గిస్తాం. సి విటమిన్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. డి అలా కాదు, కొవ్వులో నిలవ ఉంటుంది. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం వస్తాయి, కిడ్నీలు దెబ్బతినొచ్చు. టెన్షన్ పడకండి గానీ డి విటమిన్, కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు ఒకసారి చేయించండి. నిజానికి ఇవి పొడి మొదలుపెట్టే ముందే చేయాల్సినవి.

డి విటమిన్ బాగా తక్కువగా ఉన్నవాళ్లకు చిన్న మోతాదులో రోజూ ఇస్తే శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు కొంత తగ్గుతాయని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. తర్వాత మరిన్ని అధ్యయనాలు కలిపి చూస్తే ఆ లాభం కూడా బాగా తగ్గిపోయింది. సి బిళ్ల రోజూ వేసుకున్నా మామూలు జలుబు రాక మానదు. వచ్చింది పెద్దల్లో 8 శాతం ముందు తగ్గుతుందంతే, అంటే వారం జలుబులో ఓ సగం రోజు. ఆ బిళ్లల డబ్బుతో జామకాయలు కొనుక్కోండి. రోజుకొకటి తింటే సి విటమిన్‌కు లోటుండదు.

నా అనుమానం మీ మిల్లు దుమ్ము మీద. వడ్లు దించేటప్పుడు, తవుడు బస్తాలు నింపేటప్పుడు లేచే సన్నటి నుసి శ్వాసనాళాలను రేపుతుంది. మిల్లు బంద్ ఉన్న రోజుల్లో దగ్గు తగ్గి, పనిలోకి వెళ్లగానే మళ్లీ మొదలవుతోందా? అయితే అది ఇన్ఫెక్షన్ కాకపోవచ్చు, దుమ్ముతో వచ్చే ఆస్తమా కావచ్చు. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోండి. ముక్కుకు తువ్వాల చుట్టుకుంటే ఆ నుసి ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. బీడీ అలవాటుంటే మాస్కు పెట్టినా లాభం తక్కువే.

ఇంకో మాట. దగ్గు రెండు వారాలు దాటితే ఏ కారణం అనుకున్నా సరే, తెమడ పరీక్ష తప్పనిసరి. సర్కారు దవాఖానాలో ఉచితంగా చేస్తారు. టీబీ కాదని తేలాకే మిగతా సంగతి.

బాబుకు ఆ పొడి అస్సలు వద్దు. వాడికి చూడాల్సింది ఎ విటమిన్ సంగతి. పిల్లలకు తొమ్మిదో నెల నుంచి ఐదేళ్లలోపు ఎ విటమిన్ తొమ్మిది డోసులు పోస్తారు. టీకాల కార్డు తీసి అందులో ఎన్ని పడ్డాయో చూడండి. తక్కువైతే అంగన్‌వాడీ టీచర్‌నో ఏఎన్ఎంనో అడగండి.