గిగాబిట్ కార్డు 100 దగ్గరే ఆగిందా? డ్రైవర్‌ని కాసేపు వదిలేయండి

మీరు అడిగింది ఇది: ఉబుంటు సిస్టంలో రియల్‌టెక్ గిగాబిట్ కార్డు ఉంది, స్విచ్ కూడా గిగాబిట్‌దే, అయినా స్పీడు 100 ఎంబీపీఎస్ దాటట్లేదు. కమాండ్ లైన్‌లో 1000 (అంటే గిగాబిట్) అని ఎలా ఫిక్స్ చేయాలి, డ్రైవర్ మార్చాలా?

ఫిక్స్ చేయకండి. ఆ పని నేను చేసి తలనొప్పి తెచ్చుకున్నాను.

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ అవతల ఒక జిన్నింగ్ మిల్లు ఉంది, అక్కడి కంప్యూటర్లు నేనే చూస్తాను. కాంటా గదిలో ఒక లినక్స్ సిస్టం, ఆఫీసులో ఇంకొకటి. పత్తి సీజన్ మధ్యలో కాంటా గది లింకు పడటం, లేవడం మొదలైంది. బయట లారీలు లైను కట్టి ఉన్నాయి, నాకు టెన్షన్. అప్పటికప్పుడు, కార్డు సెట్టింగులు చూపించి మార్చే ఈథ్‌టూల్ అనే కమాండుతో ఈ లైను కొట్టాను (ఇందులో ఎస్ చిన్నది):

సుడో ఈథ్‌టూల్ -ఎస్ ఈఎన్‌పీ3ఎస్0 స్పీడ్ 100 డ్యూప్లెక్స్ ఫుల్ ఆటోనెగ్ ఆఫ్

లింకు ఆగకుండా నిలబడింది. సేటు చాయ్ కూడా తాగించాడు. మరునాడు గుమాస్తా ఫోను: "సార్, పొద్దుగాల సంది లారీ ఫోటోలు ఆఫీసుకు పోతలేవు." పింగ్ చూస్తే బాగానే ఉంది. పెద్ద ఫైలు పంపితే మాత్రం నత్తనడక.

జరిగింది ఏమిటంటే, నేను ఇటు కార్డులో ఆటో నెగోషియేషన్ (రెండు వైపులా మాట్లాడుకుని స్పీడు కుదుర్చుకునే పద్ధతి) ఆపేశాను, అటు స్విచ్ ఆటోలోనే ఉంది. అలాంటప్పుడు స్విచ్ స్పీడును సిగ్నల్ చూసి పట్టుకోగలదు గానీ, డ్యూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి కుదిరితే ఫుల్, ఒకసారికి ఒక్కటే అయితే హాఫ్) ఏమిటో దానికి చెప్పేవాళ్లు లేరు. అందుకని హాఫ్ అనుకుంటుంది. కార్డు ఫుల్‌లో, స్విచ్ హాఫ్‌లో. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒకరు అది మామూలే అనుకుంటారు, ఇంకొకరు గుద్దుకున్నాం అనుకుంటారు. ఈథ్‌టూల్‌కి పెద్ద ఎస్ ఇచ్చి చూస్తే సీఆర్‌సీ లెక్కలు (దారిలో పాడైన ప్యాకెట్ల సంఖ్య) పెరిగిపోతూ కనిపించాయి. 100కి పరిమితం చేయాలనే ఉంటే ఆటోని అలాగే ఉంచి, 'అడ్వర్టైజ్ 0x008' అని ఇవ్వాల్సింది. అప్పుడు కార్డు "నాకు 100 ఫుల్ ఒక్కటే వచ్చు" అని స్విచ్‌కి చెప్పుకుంటుంది, ఇద్దరూ ఒప్పుకుంటారు.

ఇక మీరు అడిగిన 1000 సంగతి. రాగి తీగ మీద గిగాబిట్‌కి 1999లో వచ్చిన 802.3ఏబీ ప్రమాణంలోనే ఆటో నెగోషియేషన్ తప్పనిసరి. దాన్ని ఆపి 1000 పెట్టడమనేది కుదరదు.

కాబట్టి ముందు ఏ ఆప్షనూ లేకుండా ఈథ్‌టూల్, పక్కన కార్డు పేరు కొట్టండి. పేరు తెలియకపోతే 'ఐపీ లింక్' చూపిస్తుంది. వచ్చిన దాంట్లో అందరూ స్పీడ్ వరుస చూసి ఆగిపోతారు. అసలు చూడాల్సింది 'లింక్ పార్ట్‌నర్ అడ్వర్టైజ్డ్' అనే వరుస. అందులో 1000 లేకపోతే అవతలి పోర్టు 100ది, లేదా దాన్ని ఎవరో 100కి కట్టేశారు. ఇటూ అటూ 1000 ఉండి స్పీడు మాత్రం 100 అంటే, నా అనుమానం కేబుల్ మీదే. లినక్స్ మూల ప్రోగ్రాం అయిన కర్నల్ సందేశాలు చూపించే 'డీమెసేజ్' (dmesg)లో డౌన్‌షిఫ్ట్, అంటే స్పీడు తగ్గించుకోవడం, అనే మాట వెతకండి. కొత్త కర్నల్ అయితే కేబుల్ చూసుకోమని అదే చెబుతుంది.

100కి రెండు జతల తీగలు చాలు, ప్లగ్గులో మనం మామూలుగా కొట్టే బీ రంగుల వరుసలో (టీ568బీ) అవి నారింజ, ఆకుపచ్చ. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. నీలం గానీ గోధుమ గానీ తెగితే 1000 పోతుంది, 100 నిక్షేపంగా నడుస్తుంది. మిల్లులో చివరికి తేలింది అదే. పైపులో ఎలుక గోధుమ జతను కొరికింది. నేను 100 పెట్టగానే లింకు ఎందుకు కుదురుకుందో అప్పుడు అర్థమైంది.

ఎలుక సంగతి తెలియకముందు డ్రైవర్ మీద కూడా పడ్డాను లెండి. రాత్రి హనుమకొండలో ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి నెట్‌వర్క్ మీద సిస్టంలోకి లాగిన్ అయ్యే దారి) ఎక్కి 'మోడ్‌ప్రోబ్ -ఆర్ ఆర్8169' కొట్టాను. డ్రైవర్ దిగిపోయింది, దానితో పాటే నేనూ బయటపడ్డాను. పదింటికి బండేసుకుని ఎనుమాముల. ఇప్పుడైతే ముందు 'షట్‌డౌన్ -ఆర్ +5' పెడతాను, తర్వాత దించడం, ఎక్కించడం రెండూ ఒకే లైనులో && తో కలిపి కొడతాను. లింకు తిరిగొస్తే 'షట్‌డౌన్ -సీ'తో రీబూట్ రద్దు. రాకపోతే ఐదు నిమిషాల్లో సిస్టమే లేచి పాత డ్రైవర్ పెట్టుకుంటుంది.

కేబుల్ మార్చినా తేడా లేకపోతే అప్పుడు డ్రైవర్ సంగతి. 'ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే'లో కార్డు కింద ఏ డ్రైవర్ నడుస్తోందో ఉంటుంది. కర్నల్‌తో వచ్చేది ఆర్8169, రియల్‌టెక్ విడిగా ఇచ్చేది ఆర్8168. రెండూ వేసుకుని ఏది నడుస్తోందో తెలియక తికమకపడేవాళ్లను చూశాను, ఒక్కటే ఉంచుకోండి. లింకు ఊరికే పడుతూ లేస్తుంటే 'ఈథ్‌టూల్ --సెట్-ఈఈఈ'కి కార్డు పేరు, 'ఈఈఈ ఆఫ్' ఇచ్చి చూడొచ్చు. అది కరెంటు ఆదా చేసే ఏర్పాటు, కొన్ని స్విచ్‌లతో పడదు. ఈథ్‌టూల్‌తో మార్చినవి రీబూట్‌తో పోతాయి, అందుకే పరీక్షకు భయం లేదు. పనిచేసిందని తేలాక ఆ లైనును, సిస్టం లేచినప్పుడల్లా దానంతట అదే నడిచేలా, ఒక చిన్న సిస్టమ్‌డీ సర్వీసులో పెట్టుకోండి.

ముందు ఇంకో కేబుల్‌తో, స్విచ్‌లో ఇంకో పోర్టులో పెట్టి చూడండి. ఆ లింక్ పార్ట్‌నర్ వరుసలో ఏముందో రాస్తే నేను చూసి చెబుతాను.